ఆలోచన మాది, అప్పు మీది

నిర్మాణ పనులకు ఆన్‌లైన్‌లో బిడ్లు పిలిచే వ్యాపారం మొదలుపెట్టడానికి భాగస్వామి కావలెననే ప్రకటన హైదరాబాదు, విజయవాడ వంటి నగరాల్లో ఒక ప్రత్యేక సాహిత్య ప్రక్రియగా స్థిరపడుతున్నందున, దాని లక్షణాలను శ్రద్ధగా పరిశీలించవలసి ఉంది. ఈ ప్రక్రియలో ఆలోచన ప్రకటనకర్త వద్ద ఉంటుంది, పెట్టుబడి, సాఫ్ట్‌వేరు రాయగల నేర్పు, కాంట్రాక్టర్లతో పరిచయం, జీతం లేకుండా ఏళ్లు నెట్టుకురాగల ఓపిక మాత్రం భాగస్వామి వెంట తెచ్చుకోవాలి, లాభం చెరిసగం. వెబ్‌సైటు పేరు అప్పటికే కొనేసి ఉంటారు కనుక, ఆలూ చూలూ లేకపోయినా సోమలింగానికి డాట్‌కామ్ ఒకటి సిద్ధంగా ఉంటుంది.

ఆలోచన వినడానికి సొంపుగానే ఉంటుంది. ఇల్లు కట్టుకోదలచినవారు ప్లాను అప్‌లోడ్ చేస్తే, కాంట్రాక్టర్లు ఒకరి ధర చూసి మరొకరు తగ్గించుకుంటూ పోతారు. పాట పైకి పోకుండా కిందికి దిగే ఈ పద్ధతిని రివర్స్ వేలం అనీ, అందరికంటే తక్కువకు దిగినవారిని ఎల్-1 అనీ వ్యవహరిస్తారు. ఇటుక ముట్టుకోకుండా, సిమెంటు దుమ్ము పీల్చకుండా, ఎండలో నిలబడకుండా కమీషన్ పుచ్చుకునేవారికి మాత్రం ఇంకా పారిభాషిక పదం ఏర్పడలేదు. ప్రస్తుతానికి ఫౌండర్ అంటున్నారు.

ఈ ఆలోచనకు ప్రేరణ ప్రభుత్వ టెండర్లేనని ప్రకటనకర్తలు సగర్వంగా చెబుతారు. ఆ చరిత్ర నిజమైనదే. టెండరు షెడ్యూలు కొనడానికి ఇంజనీరు కార్యాలయానికి వెళ్లవలసిన రోజుల్లో ఎవరు కొన్నారో అందరికీ తెలిసిపోయేది. టెండరు పెట్టె దాకా ఎవరు నడిచి వెళ్లాలో గేటు దగ్గర నిలబడ్డ పెద్దమనుషులు నిర్ణయించేవారు. పోటీదారులు ముందే కూడబలుక్కుని పనులు పంచుకునే ఏర్పాటుకు రింగు అని పేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంటు ప్రవేశపెట్టి ఆ పెట్టెను కంప్యూటరులోకి మార్చాక, గేటు కాపలా వల్ల ప్రయోజనం లేకపోయింది. రింగులు అంతటితో మాయమైపోయాయని చెప్పడం రింగుల తెలివితేటలను కించపరచడమే అవుతుంది గానీ, ఆ సంస్కరణకు దక్కవలసిన కీర్తి దక్కాలి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లోని అప్పటి ప్రభుత్వం పోలవరం పనులకు రివర్స్ టెండరింగ్ జరిపి వందల కోట్లు ఆదా అయ్యాయని ప్రకటించింది. 2024లో వచ్చిన ప్రభుత్వం ఆ విధానాన్నే రద్దు చేసింది. ఏది లాభమో, ఏది నష్టమో పాఠకులు చూసే టీవీ ఛానలును బట్టి మారుతుంది.

అయితే ప్రభుత్వ టెండరు వెనుక ఎంత సరంజామా ఉంటుందో ప్రకటనకర్తలు గమనించినట్టు కనిపించదు. ప్రతి పనికీ ఇంత రేటు అని శాఖలు ముందే నిర్ణయించే ఎస్.ఎస్.ఆర్. అనే పట్టిక, ఎన్ని ఘనపు మీటర్ల కాంక్రీటు, ఎన్ని కిలోల ఇనుము అని విడివిడిగా రాసిన అంచనా, పని ఎగవేస్తే జప్తయ్యే ధరావతు, జరిగిన పనిని కొలిచి రాసే ఎం-బుక్, వీటన్నిటి తరువాతే ధర అనేదానికి అర్థం ఏర్పడుతుంది. మణికొండలో రెండువందల గజాల స్థలం ఉన్న గృహస్థుకు ఇవేవీ ఉండవు కనుక, వెబ్‌సైటులో ఆయనకు ఒకే ఒక గడి కేటాయిస్తారు: చదరపు అడుగుకు ధర.

ఆ ఒక్క గడిలో ఎన్ని తగాదాలు నిద్రపోతుంటాయో మేస్త్రీలకు మాత్రమే తెలుసు. అడుగులు లెక్కించేది గోడల మధ్య కొలతనా, బాల్కనీలు కలిపిన స్లాబు కొలతనా? పోర్టికోకు పూర్తి లెక్కా, సగం లెక్కా? సంపు, సెప్టిక్ ట్యాంకు, మెట్ల పైన హెడ్‌రూమ్, పిట్టగోడ, వంటింటి అటక ధరలోకి వస్తాయా? సెంట్రింగ్ అంటే స్లాబు పోయడానికి కింద కట్టే పలకలు, వాటిని నిలబెట్టే పోట్లు. వాటి అద్దె ఎవరిది? క్యూరింగుకు, అంటే కాంక్రీటు గట్టిపడేవరకు తడపడానికి, వేసవిలో తెప్పించే ట్యాంకరు నీళ్ల డబ్బు ఎవరు ఇస్తారు? ఇవన్నీ వేలంలో అడిగిన మేస్త్రీ ధర పెరుగుతుంది, ఓడిపోతాడు. ఏదీ అడగకుండా మౌనంగా నొక్కినవాడు ఎల్-1 అవుతాడు. పునాది లేచాక మొదలయ్యే ప్రతి సంభాషణలోనూ ఆయన "అది వేరే లెక్క సార్" అంటాడు. ఇంకా గట్టిగా నిలదీస్తే "చూసి చేద్దాం సార్" అంటాడు. స్లాబు పడ్డాక వాస్తు సిద్ధాంతి వచ్చి మెట్లు నైరుతికి జరపమన్నప్పుడు రివర్స్ వేలం మళ్లీ పెట్టడానికి వీలుండదు; ఆ రోజు ధర పైకే నడుస్తుంది.

ఈ పరిణామం కొత్తదేమీ కాదు. అమెరికాలో చమురు క్షేత్రాల వేలాలను పరిశీలించిన కేపెన్, క్లాప్, కాంప్‌బెల్ అనే ముగ్గురు ఇంజనీర్లు 1971లోనే ఒక సంగతి తేల్చారు. విలువ ఎవరికీ కచ్చితంగా తెలియని వస్తువును వేలం వేస్తే, సాధారణంగా దాన్ని గెలుచుకునేది అందరికంటే ఎక్కువ పొరపాటు పడ్డవాడే; దీనికి విజేత శాపం అని పేరు వచ్చింది. ఇంటి నిర్మాణంలో పాట కిందికి దిగుతుంది కాబట్టి, ఖర్చును అందరికంటే తక్కువగా ఊహించుకున్నవాడే గెలుస్తాడు. మన దేశం ఈ సిద్ధాంతాన్ని మెరుగుపరిచింది. ఇక్కడ గెలిచిన మేస్త్రీ తనకు తగిలిన శాపాన్ని గృహస్థుకు బదిలీ చేయగలడు.

ఇక కమీషన్ విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. సైటు చూడటానికి వచ్చిన మేస్త్రీ, యజమాని మొదటి టీ తాగే లోపు ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటారు. ఆ తరువాత వారికి వెబ్‌సైటుతో పని లేదు.

భాగస్వామ్యం మాటకొస్తే, 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం ప్రకటనకర్తలు చదవదగ్గ గ్రంథం. పెట్టుబడి పెట్టి పనిలో తలదూర్చనివారిని స్లీపింగ్ పార్ట్‌నర్ అనీ, పని చూసేవారిని వర్కింగ్ పార్ట్‌నర్ అనీ వాడుకలో అంటారు. అప్పులవాడి దృష్టిలో మాత్రం ఇద్దరూ మేలుకుని ఉన్నట్టే, ఎందుకంటే ఆ చట్టంలోని 25వ సెక్షను ప్రకారం సంస్థ చేసిన ప్రతి పనికీ భాగస్వాములు ఉమ్మడిగానూ, విడివిడిగానూ బాధ్యులు. ఒప్పందంలో మరోలా రాసుకోకపోతే లాభమే కాదు, నష్టం కూడా సమానంగానే పంచుకోవాలని 13వ సెక్షను చెబుతుంది. బాధ్యతను పెట్టుబడికి పరిమితం చేసే ఎల్.ఎల్.పి. అనే వెసులుబాటు 2008 చట్టం కల్పించినా, దానికి ఏటా లెక్కలు సమర్పించాలని ఆడిటరు చెప్పగానే ఉత్సాహం చల్లారుతుంది.

ప్రకటనకు స్పందనలు రాకపోవు. వాటిలో అధికభాగం, తమ దగ్గరా ఒక ఆలోచన ఉందనీ, పెట్టుబడి పెట్టే భాగస్వామి కోసం చూస్తున్నామనీ తెలిపేవే. సాఫ్ట్‌వేరు తెలిసినవారు ముందుగా జీతం అడుగుతారు. డబ్బున్నవారు యాభై ఒక్క శాతం అడుగుతారు. నిజమైన కాంట్రాక్టరు ఎవరైనా ఫోన్ చేస్తే, చేతిలో ఏమైనా పనులున్నాయా అని అడిగి పెట్టేస్తారు. వీరిలో ఎవరు ఎక్కువ తెచ్చి తక్కువ అడుగుతారో వేలం పెట్టి తేల్చడం ఈ వ్యాపారానికి సహజధర్మమే అయినా, ప్రకటనకర్త ఆ పని చేయడు. ముక్కూమొహం తెలియనివాడిని నమ్మి వ్యాపారంలోకి ఎలా దిగుతామని భార్య అడుగుతుంది కనుక, బావమరిది భాగస్వామి అవుతాడు. ఒప్పందం స్టాంపు కాగితం మీద నోటరీ సంతకంతో ముగుస్తుంది. రిజిస్టరు కాని సంస్థలో భాగస్వాములు ఒప్పందపు హక్కుల కోసం ఒకరిమీద ఒకరు దావా వేయలేరని 69వ సెక్షను చెబుతున్నా, బావ మీద బావమరిది దావా వేస్తాడా అని నవ్వుకుంటారు.

ఆరు నెలలు తిరిగేసరికి, అమీర్‌పేటలో ఆఫీసుగా తీసుకున్న అద్దె గదిలో ఇద్దరి బల్లల మధ్య ఒక పార్టిషన్ అవసరమవుతుంది. సంస్థ చేపట్టిన తొలి నిర్మాణమైన ఆ పనికి బిడ్లు పిలవలేదు. అత్తగారింటికి మేడ వేసిన మేస్త్రీకే అప్పగించారు. ధర ఎంతని అడిగితే, చూసి చేద్దామన్నాడు.