గుట్టకూ ఓ పట్టేదారు ఉంటాడు

ఇప్పటి పిల్లలకు బండ ఎక్కడం బాగా వచ్చు. ఒప్పుకోకపోతే కళ్లు పోతాయి. మేం కింది నుంచే చూసి దండం పెట్టి వచ్చేసిన పగుళ్లలో వేళ్లు దూర్చి, చూస్తూ ఉండగానే పైన కూర్చుంటున్నారు. వాళ్లకు రానిదల్లా గుట్ట కింద చేనులో ఉన్న మనిషిని పలకరించడం.

మా రోజుల్లో హైదరాబాదులో ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడ అవతలంతా చేలూ బీళ్లూ, మధ్యలో గుట్టలు. బస్సు దిగి నడుస్తుంటే మా కళ్లు ముందు వెతికేది బండను కాదు, బావిని. మోటారు నడుస్తోందంటే మనిషి ఉన్నట్టే. "పటేలా, మీ గుట్ట ఎక్కుదామని పట్నం నుంచి వచ్చినం" అంటే ఆయన మమ్మల్నీ, భుజాల మీది తాళ్లనూ ఎగాదిగా చూసేవాడు. "గుట్ట మీద ఏమున్నది బిడ్డా, ఏమన్న దొరుకుతదా?" అనేవాడు. గుప్తనిధులు తవ్వేవాళ్లమేమోనని అనుమానం. ఊరికే ఎక్కి దిగుతామంటే అనుమానం ఇంకా పెరిగేది. పని లేకుండా గుట్ట ఎక్కేవాడిని ఏ రైతు నమ్ముతాడు? మొత్తానికి ఒక బీడీ అయ్యేలోపు నమ్మకం కుదిరేది. అప్పుడు మొదలయ్యేవి షరతులు.

"కంది పూతకొచ్చింది, గట్టు మీంచి పోండ్రి. ముండ్లకంప పక్కకు జరిపితే మళ్ల అట్లనే పెట్టుండ్రి, లేకుంటే మేకలు జొరబడ్తయి. సీతాఫలాలు గుత్తకిచ్చిన, ఒక్క కాయ తెంపొద్దు. ఆ పక్క పెద్ద తేనెపట్టున్నది, అటు దిక్కు అసలుకే పోవద్దు."

ఆ చివరి మాట విలువ ఎంతో కొండ తేనెటీగల సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తాడుకు వేలాడుతున్నవాడు వాటినుంచి పరుగెత్తలేడు. ఏ పుస్తకంలోనూ లేని ఆ సమాచారం, ఒక్క నమస్కారం పెడితే వచ్చేది. సాయంత్రం దిగాక "అందరం దిగినం పటేలా" అని చెప్పకుండా బస్సెక్కేవాళ్లం కాదు. చీకటి పడితే ఆయనే లాంతరు పట్టుకుని వెతకాలి కదా. మళ్లీ వెళ్లినప్పుడు పావుకిలో చాయపత్తి పట్టుకెళ్లేవాళ్లం. మా సామగ్రి అంతా నడుముకు చుట్టిన తాడు, బౌలైన్ ముడి, కాన్వాసు బూట్లు. చేతికి చెమట పడితే ప్యాంటుకు తుడుచుకోవడమే.

2014లో మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. గురుకుల పిల్లలు, మన భువనగిరి గుట్ట మీద తాడు పట్టడం నేర్చినవాళ్లు. ఆ వార్త విని నేను వీధిలో వాళ్లందరికీ మిఠాయి పంచాను. ఆ తర్వాత బండల మీదికి జనం పెరిగారు, పెరగాల్సిందే. కానీ వచ్చేది ఎలా వస్తున్నారు? ఎవడో ఫోనులో లొకేషన్ పంపుతాడు, నాలుగు కార్లు బండ్ల బాటలో అడ్డంగా ఆగుతాయి, రైతు ట్రాక్టరు హారను కొట్టుకుంటూ వెనకే నిలబడాలి. స్పీకరులో పాటలు. పక్క గుడిసెలో ఎవరు స్నానం చేస్తున్నారో చూసుకోకుండా పైన డ్రోను. బండల నిండా, చేతి చెమటకు రాసుకునే తెల్లటి చాక్ మరకలు. వాన తగలని చాటున అవి అలాగే ఉండిపోతాయి. సీసాల సంగతి చెప్పను, మేకల డెక్కలను అడగండి. ఇక డ్రిల్లు తెచ్చి బోల్టులు దింపే ఘనులున్నారు. అడగకుండా పక్కవాడి గోడకు మేకు కొడతామా? దీని గురించి ఇంగ్లీషులో 'ఎథిక్స్' అని గంటలు గంటలు వాదించుకుంటారు. ఆ వాదనలో పట్టేదారు ఉండడు.

పట్టేదారు కూడా మారాడు, అది వేరే ఏడుపు. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక భూమి చేతులు మారింది, కంది చేను చుట్టూ ప్రహరీ లేచింది. గేటు దగ్గర వాచ్‌మన్‌కు వద్దనడమే ఉద్యోగం, సరేననే అధికారం లేదు. ఓనరేమో దుబాయ్‌లో. బండ నిలవడమే గొప్ప అనుకోండి. సుమారు 250 కోట్ల ఏళ్ల గ్రానైటును కంకర కొట్టి అమ్ముకుంటుంటే, 1996లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' పుట్టి అడ్డం పడింది. కొన్ని బండలు వారసత్వ జాబితాకు ఎక్కాయి కూడా. అయితే ఆ జాబితా బండను పగలగొట్టొద్దని చెప్పింది కానీ, ఎక్కమని మనకు ఎవరూ రాసివ్వలేదు.

మా అక్క మనవడు సిన్సినాటిలో చదువుతున్నాడు. వారాంతాల్లో కెంటకీలోని మ్యూర్ వ్యాలీకి పోతాడు. ఎవరో దంపతులు లోయను కొని, ఎక్కేవాళ్లకు తెరిచిపెట్టి, 2015లో దాన్నొక సంస్థకు అప్పగించారట. అక్కడ మా వాడు 'పడితే నాదే బాధ్యత' అని సంతకం చేస్తాడు, కారు నిలిపినందుకు డబ్బు కడతాడు, చెప్పిన దారినే నడుస్తాడు. అమెరికాలో ఊరికే రానిచ్చిన భూయజమానికి ప్రతి రాష్ట్రంలోనూ చట్టం ఎంతో కొంత రక్షణ ఇస్తుంది. మన దగ్గర ఆ భరోసా లేదు. కుర్రాడు జారిపడితే ఠాణాకు పిలిచేది ముందు ఓనరునే. వాడు తాళం వేయక ఏం చేస్తాడు? ఇంత తెలిసీ, మా వాడు సెలవులకు ఇక్కడికి రాగానే "గోడ దూకుదాం తాతా, ఎవరున్నారు అడగడానికి?" అన్నాడు.

ఎవరున్నారేమిటి? బండ ఎక్కడుందో వెతికిన ఫోనే కదా చేతిలో ఉంది! సాగు భూమైతే సర్వే నంబరు కొడితే సర్కారు భూరికార్డుల సైటు భూభారతిలో పట్టేదారు పేరు కనబడుతుంది. నంబరు కోసం ఊళ్లోకి పోయి చాయ్ కొట్టు దగ్గర నిలబడాలి, మనుషులతో మాట్లాడాలి, అదీ వీళ్లకు కష్టం. మా వాణ్ని లాక్కెళ్లాను. పేరు దొరికింది, ఆ పేరుగల మనిషి ఫోను నంబరు చాయ్ కొట్టాయనే ఇచ్చాడు. మా వాడే మాట్లాడాడు, మొదట్లో నత్తిగా, తర్వాత బాగానే. అవతలాయన ఎంతమంది, ఎన్ని గంటలు, తాగుతారా అని ఆరా తీసి, చివరికి సరేనన్నాడు. వాచ్‌మన్ పొద్దున పదింటికి వచ్చి గేటు తీస్తాడట.

మే నెలలో, హైదరాబాదులో, పదింటికి! ఆ గ్రానైటు మీద ఒక్కసారి అరచెయ్యి పెట్టి చూడమనండి ఆ ఓనరును.