ఆవును చూసి రాసిన వ్యాకరణం

"ఆఫ్రికా భాష వచ్చా?" అని అడిగే మేధావులు మనలో ఇంకా ఉన్నారు. "ఆసియా భాష వచ్చా?" అని తమనెవరైనా అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తారు. ఆఫ్రికా ఖండంలో భాషలు దాదాపు 2,000. ఒక్క నైజీరియాలోనే 500కు పైగా ఉన్నాయి.

ఇన్ని భాషలంటే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. హాంబర్గ్ ఆచార్యుడు కార్ల్ మైన్‌హోఫ్‌కు తిరగలేదు. 1912లో ఆయన 'హామిటిక్' భాషల మీద ఉద్గ్రంథం వేశాడు. కాస్త తేట రంగు, చేతిలో ములుగర్ర, పక్కవాళ్ల మీద పెత్తనం: ఇవి ఉన్నవాళ్లది మేలుజాతి అట. హౌసా, ఫులానీ, మాసాయి, నామా... అందరినీ ఒకే గాటన కట్టేశాడు. నోట్లో ఏ మాట ఉందో తర్వాత సంగతి, ముందు దొడ్లో ఆవుందా లేదా?

తర్వాత అమెరికన్ జోసెఫ్ గ్రీన్‌బర్గ్ వచ్చి, ఒంటి రంగునూ పశువులనూ పక్కనపెట్టి మాటలను పోల్చి చూశాడు. ఫులానీకి దగ్గరి చుట్టం పక్కింటి వొలొఫ్ అని తేలింది. భాషల చుట్టరికం భాషల్లోనే వెతకాలన్న ఇంత చిన్న సంగతి పుస్తకానికెక్కి స్థిరపడేసరికి 1963 వచ్చింది.

దొరలు పోతున్నా దొరతనం పోలేదు. 1962లో కంపాలాలోని మకెరెరే కాలేజీలో ఆఫ్రికా రచయితల మహాసభ జరిగింది. ప్రవేశార్హత ఒక్కటే, ఇంగ్లీషులో రాయడం! రెండు ఇంగ్లీషు కథలు అచ్చయిన కెన్యా కుర్రాడు గూగీకి పిలుపొచ్చింది. స్వాహిలీ మహాకవి షాబాన్ రాబర్ట్‌కు చోటు లేదు. పెళ్లికూతురిని పెరట్లో కూర్చోబెట్టి చేసిన పెళ్లి అది.

ఆ గూగీయే పెద్దయ్యాక ఇంగ్లీషు నవలలో కెన్యా పాలకులను ఎండగడితే ఎవరూ పట్టించుకోలేదు. తన సొంత భాష గికుయులో పల్లెజనం చేత నాటకం ఆడించాడు, అంతే! 1977 డిసెంబరు 31న పట్టుకుపోయారు. జైల్లో టాయ్‌లెట్ కాగితం మీద గికుయులోనే నవల రాశాడు. భాషకు బలం లేదనేవాళ్లు చెప్పాలి, బలం లేనిదానికి అంత తాళమెందుకు?

మనం నవ్వక్కర్లేదు. గూగీ చదివిన కాలంలో అక్కడి బడుల్లో సొంత భాష మాట్లాడిన పిల్లల మెడలో 'నేను గాడిదను' అని పలకలు వేసేవారు. 2009లో మన కడప జిల్లాలో ఓ బడి తెలుగు మాట్లాడిన పిల్లల మెడలోనూ పలకలు వేలాడదీసింది. ఆవుకు గంట, పిల్లాడికి పలక!

స్వాహిలీ మాత్రం హాయిగా ఉంది. కూడలిలో దొర పాతిన 'కీప్ లెఫ్ట్' బోర్డును చూసి, ఆ 'కీ' తన ఏకవచన ప్రత్యయమే కదా అనుకుంది. రౌండ్‌అబౌట్ ఒకటైతే 'కిప్లెఫ్తి', నాలుగైతే 'విప్లెఫ్తి'. దొర ఆజ్ఞకే బహువచనం చేసిపారేసింది.

ఆ భాషలకు వ్యాకరణముందా అని అడిగే పెద్దలు ఇంకా ఆ కిప్లెఫ్తి చుట్టూనే తిరుగుతున్నారు. బుద్ధిగా, ఎడమవైపు నుంచే.