ఏసీ ఆపువారికి: ఒక మెంతి పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

కిటికి పక్క నెండ కిరణమ్ము సోకఁగా
మెంతి మొలక లెత్తె మేలి రెక్క
ఏసి యాపువార! యెఱుఁగరా మీరలు
పచ్చడగును దాని బతుకు రేపు

అవతారిక: ఖతార్‌లోని ఉమ్ సలాల్ మొహమ్మద్‌లో, బర్జాన్ బురుజులున్న ఊళ్ళో, నలుగురు తెలుగువాళ్ళు ఉండే గదిలో ఫ్రిజ్ తలుపు మీద దొరికిన పద్యమిది. కవి పేరు లేదు, చింతపండు మరక మాత్రం ఉంది.

ప్రతిపదార్థం: ఎండ కిరణమ్ము = అద్దమూ తెరా దాటి వచ్చిన వెలుగు (బయటి జూన్ ఎండ అని చెప్పరాదు; ఆ అర్థంలో మెంతికి రెండో పూట ఉండదు); మెంతి మొలకలు = రాత్రంతా నానబెట్టి, ట్రేలో తడి కోకోపీట్ మీద ఒత్తుగా చల్లి, రెండు మూడు రోజులు మూతపెట్టిన పోపులపెట్టె మెంతులు; మేలి రెక్క = మొదట విచ్చుకునే జంట ఆకులను; ఎత్తె = ఎత్తినవి; ఏసి యాపువార = డ్యూటీకి పోతూ స్విచ్చి కట్టేసే ఓ రూమ్మేటూ; దాని బతుకు = ఆ ట్రే బతుకు; రేపు = నువ్వు తిరిగొచ్చేసరికి; పచ్చడగును = పచ్చడి అవుతుంది.

తాత్పర్యం: బిల్లు మిగులుతుంది, కూర మిగలదు.

విశేషాలు: 1. పోపులపెట్టె మెంతులే ఎందుకు? నాటడానికి అమ్మే విత్తనాలకు మందు పూసి ఉండవచ్చు. ధనియాలు, ఆవాలు కూడా ఈ పద్ధతికి ఒదుగుతాయి. టమాటా, వంగ, మిరప మొలకలు మాత్రం తినరాదు, విషం.

2. పరదేశ వ్యాఖ్యాతలు: 2012లో మేరీలాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 25 రకాల లేతకూరలు పరీక్షించి, చాలావాటిలో ముదురాకుల కంటే విటమిన్లు ఎక్కువన్నారు. అందులో మన కొత్తిమీర కూడా ఉంది.

3. చలికాలంలో అల్ మజ్రూవా యార్డుకు పోతే స్థానిక తోటల ఆకుకూరలు కట్టలుగా దొరుకుతాయి కదా, ఈ ట్రే ఎందుకని పూర్వపక్షం. 2017 జూన్ 5న సౌదీ సరిహద్దు మూసి కూరల లారీలు ఆగిన రోజులు చూసినవాడు ఆ ప్రశ్న వేయడని సమాధానం.

4. ఆచారం: పెళ్ళి అంకురార్పణలో పాలికల్లో నవధాన్యాలు మొలిపిస్తాం. లంబాడీ ఆడపిల్లలు తీజ్‌కు బుట్టల్లో గోధుమనారు పెంచుతారు. వాటిని నీళ్ళలో కలుపుతాం, ఈ మెంతిని పప్పులో కలుపుతాం. ఇంతే భేదం.

5. కోత: అసలాకు తొంగిచూసే ముందే, కోకోపీట్‌కు కాస్త పైన కత్తెరతో కోయాలి. ముద్దుగా ఉందని ఇంకో నాలుగు రోజులు ఆగినవాడికి నారా, చేదూ.

6. వివాదం: విత్తనం పోపులపెట్టెది, నీరు ఉప్పు తీసిన సముద్రానిది, చలవ ఏసీది. మరి రైతెవరు? స్విచ్చి ముట్టనివాడే రైతని సిద్ధాంతం.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని స్విచ్చి పక్కన అంటించినవారికి శుక్రవారం మెంతిపప్పు, చదివి కూడా ఏసీ ఆపినవారికి ఆ వారమంతా అంట్లు ప్రాప్తించును.