వెళ్లకముందే తిరిగొచ్చే విద్య

సూరత్ వజ్రాల పేట కతర్‌గామ్‌లో ఆవగింజంత రాయికి జరిగే మర్యాద చూస్తే మనిషికి కన్నుకుట్టాలి. ఘంటీ అనే యంత్రం మీద సానబట్టిన వజ్రాన్ని చిమటాతో పట్టుకుని, పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం కింద అటూ ఇటూ తిప్పి, రంగేమిటి, లోపల మచ్చ ఉందా, అంచు ఎక్కడైనా విరిగిందా అని ఒకరు చూస్తారు. కాగితం పొట్లంలో మడిచి ఇంకొకరికి ఇస్తే ఆయనా మళ్లీ మొదటినుంచి చూస్తాడు. ఇంతమంది ఇంత చూసినా, అమెరికా వెళ్లాక మళ్లీ కతర్‌గామ్ వస్తావా అని ఆ రాయిని ఎవరూ అడగరు. ఇదే పేటలో పెరిగిన ఇరవై రెండేళ్ల కుర్రాడు పై చదువుకి వెళ్తానంటే మాత్రం, ముంబై బాంద్రా-కుర్లా కాంప్లెక్స్‌లోని అమెరికా కాన్సులేట్‌లో అద్దం అవతల కూర్చున్న ఆఫీసరు ఆ సంగతి రెండు మూడు నిమిషాల్లో తేల్చేస్తాడు. తొందర సంగతి అలా ఉంచుదాం, కుర్రాడి వెనక క్యూ అంత ఉంది మరి. అసలు చిక్కల్లా ప్రశ్నలోనే ఉంది. చదువయ్యాక తిరిగొస్తావా అంటే ఆ వయసువాడు నిజాయితీగా చెప్పగలిగింది "ఏమో, చూద్దాం" ఒక్కటే. వీసా రానిదీ ఆ ఒక్క జవాబుకే.

ఇది ఆఫీసరు మొండితనం కాదు, చట్టం. అమెరికా 1952లో చేసిన వలస చట్టంలో 214(బి) అనే సెక్షన్ ఉంది. విద్యార్థి వీసా లాంటివి అడిగే ప్రతివాడూ అక్కడే పాతుకుపోవడానికి వస్తున్నాడని ముందే అనుకోవాలి, కాదని రుజువు చేసుకునే భారం వాడిదే అని దాని సారం. జేబుదొంగని పట్టుకున్నా, నేరం రుజువయ్యేదాకా నిర్దోషి అంటారు. ఫీజు కట్టి మరీ వచ్చిన విద్యార్థికి ఆ సౌకర్యం లేదు. విదేశీ విద్యార్థుల చిట్టా సెవిస్‌కి 350 డాలర్లు, వీసా దరఖాస్తుకి 185 డాలర్లు కట్టి, ఇంకా చెయ్యని పనిని చెయ్యబోనని నిరూపించుకోవాలి. పోనీ, ఆ ప్రభుత్వానికి పిల్లలు అక్కడ ఉండిపోవడం నిజంగానే ఇష్టం లేదా అంటే అదీ కాదు. డిగ్రీ పూర్తయ్యాక ఓపీటీ పేరుతో 12 నెలలు ఉద్యోగం చేసుకోమంటుంది. చదివింది సైన్సో ఇంజినీరింగో అయితే ఇంకో 24 నెలలు కలుపుతుంది. ఆ తరవాత లాటరీలో పేరొస్తే హెచ్-1బి. ఆ వీసా మీద ఉన్నవాడు స్థిరపడాలనుకున్నా చట్టరీత్యా తప్పు లేదు. అంటే ఆశపడటం నేరం కాదన్నమాట. అది ఏ తేదీన పుట్టిందన్నదే ముఖ్యం. కాన్సులేట్ కిటికీ ముందు పుడితే వీసా లేదనే 214(బి) కాగితం చేతిలో పెడతారు. విమానం దిగాక పుడితే అదే ఆశకి అప్లికేషన్ ఫారాలు ఇస్తారు.

తిరిగొస్తాడనడానికి రుజువేమిటయ్యా అంటే, సొంతూరితో తెంచుకోలేని బంధాలు చూపించాలి. ఇక్కడే సూరత్ తెలుగువాడి ఫైలు చూడముచ్చటగా ఉంటుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనికొచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధనా వైపు ఎక్కువ. వాళ్ల మనవడి ప్లాస్టిక్ ఫైలు తెరిస్తే ముందు తాతగారి పాత పట్టాదారు పాసుపుస్తకం, తెలుగులో. దానికింద సూరత్ ఇంటి దస్తావేజు, గుజరాతీలో. రెండింటికీ నోటరీ ముద్ర వేసిన ఇంగ్లిష్ అనువాదాలు. పైన సీఏ సర్టిఫికెట్: అన్నదమ్ములింకా పంచుకోని ఎకరమూ, కిస్తీలు ఇంకా తీరని ఇల్లూ కలిసి అందులో ఒకే అంకెగా మారి, గుండ్రటి రబ్బరు స్టాంపు కింద దర్జాగా కూర్చుని ఉంటాయి. కుర్రాడు పుట్టింది సూరత్‌లో, ఇంటిపేరు సిరిసిల్లది, వెళ్తానంటున్నది డాలస్‌కి. తిరిగొస్తానని ప్రమాణం చెయ్యమంటే, ఏ ఊరికండీ అని వాడు ఎదురడగాలి న్యాయంగా. అడగడు. కన్సల్టెన్సీలో ఎదురుప్రశ్నలు వెయ్యొద్దని చెప్పి పంపిస్తారు.

అసలు తిరిగొచ్చే సంగతి ముందే చెప్పగలవాళ్లు ఉన్నారా? సాక్ష్యానికి వేరే ఊరు వెళ్లక్కర్లేదు. కతర్‌గామ్ పాపడీ చిక్కుడు ఉంధియూ కూరకి పేరుమోసింది. ఆ చిక్కుడు పండిన నేలని చాలామటుకు వజ్రాల కార్ఖానాలూ మగ్గాల షెడ్లూ మింగేశాయి. వాటిలో పనికి సౌరాష్ట్ర నుంచి, అమ్రేలీ, భావ్‌నగర్ పల్లెల నుంచి, వానలు మొహం చాటేసిన ఏళ్లలో వచ్చినవాళ్లు, మంచి వాన పడితే వెళ్లిపోదామనే వచ్చారు. వానలు పడ్డాయి. వాళ్లు వెళ్లలేదు. దీపావళికి కార్ఖానాలు మూసేస్తే బస్సులు కిక్కిరిసేలా సొంతూళ్లకి వెళ్తారు, సెలవు అయిపోగానే వచ్చేస్తారు. మనవాళ్లూ అంతే. రెండేళ్లు సాంచా నడిపి, అప్పు తీర్చి వెళ్లిపోదామని రైలెక్కినవాళ్ల పిల్లల కోసం సూరత్ మునిసిపాలిటీ తెలుగు మీడియం బడులే పెట్టాల్సొచ్చింది. ఆ తాతని సూరత్ స్టేషన్లో ఆపి, తిరిగి వెళ్తావా అని ప్రమాణం చేయించి ఉంటే గుండెమీద చెయ్యేసుకుని వెళ్తాననే అనేవాడు. అబద్ధమాడినట్టా? కాదు. ఆయనకి అప్పటికి తెలియదు, అంతే. మనిషి ఎక్కడ ఉండిపోతాడన్నది అక్కడి కూలి, పిల్లల బడి, కోడలి పుట్టిల్లు కూడబలుక్కుని మెల్లగా తేలుస్తాయి. ఆయన్ని అడిగేది ఆఖరున.

తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పమంటే అది చెప్పడం నేర్పే బడి పుట్టక తప్పదు. దాని పేరు మాక్ ఇంటర్వ్యూ. చదువయ్యాక ఏం చేస్తావంటే, తిరిగొచ్చి నాన్నగారి టెక్స్‌టైల్ బిజినెస్ అభివృద్ధి చేస్తానని తడుముకోకుండా అనాలి. నాన్నగారు సేఠ్ మగ్గాల మీద పన్నెండు గంటల షిఫ్టు చేసొచ్చి పడుకుని ఉంటారు. తనకో బిజినెస్ ఉన్నట్టు ఆయనకే తెలియదు. డబ్బు లెక్కా ఇంతే. చదువుకీ ఖర్చులకీ సరిపడా సొమ్ము ఖాతాలో వరసగా 28 రోజులు కదలకుండా ఉండాలని బ్రిటన్ నియమం. ఇరవై తొమ్మిదో రోజున అది ఏమవుతుందో అడగాలని ఆ దేశానికి తోచలేదు. మన దగ్గర వడ్డీకి తిప్పేవాళ్లకి తోచింది.

మనుషుల కొలతలు అంతుపట్టని చోటికి దేవుడొస్తాడు. హైదరాబాద్ పక్కన, వీసా బాలాజీ అని పేరుపడ్డ చిలుకూరు బాలాజీకి మొక్కేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. హుండీ లేదు, బ్యాంక్ స్టేట్‌మెంట్ అడగడు, కాళ్లలో సత్తువ ఉంటే చాలు. గుజరాత్‌వాళ్లకి అహ్మదాబాద్ ఖాడియాలో, దేశాయ్‌నీ పోళ్‌లో వీసా హనుమంతుడున్నాడు. పాస్‌పోర్టులు తెచ్చి ఆయన ముందు పెడతారు. జలంధర్ దగ్గర తల్హన్ గురుద్వారాలో బొమ్మ విమానాలు సమర్పిస్తూ వచ్చారు. భక్తిని వేళాకోళం చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఒక్కటి గమనించండి: రేషన్ కార్డు బాలాజీ అని ఎక్కడా వెలవలేదు. రేషన్ కార్డుకి ఆఫీసు చుట్టూ 108 కన్నా ఎక్కువే తిరుగుతాం, కానీ ఏ కాగితం లేక ఆగిందో గుమస్తా చెప్తాడు. 214(బి) కాగితం మీద సెక్షన్ నంబరుంటుంది, మన తప్పేమిటో మాత్రం ఉండదు.

ఇంత మాట్లాడుతున్నావు, మనవాళ్లు చేసిన ఘనకార్యాల మాటేమిటని అడిగేవాళ్లుంటారు. అడగాల్సిందే. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ అనే దొంగ యూనివర్సిటీ మీద అధికారుల దాడి జరిగితే, అందులో చేరినవాళ్లలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొందరి కాళ్లకి రేడియో పట్టీలు కట్టారు. 2019 జనవరిలో ఇంకో విడ్డూరం. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీలో పాఠాల్లేవు, పంతుళ్లు లేరు, యాజమాన్యం మాత్రం సాక్షాత్తూ అమెరికా ప్రభుత్వం. వల పన్నడానికి వాళ్లే పెట్టిన ఆ దొంగ బడిలో చేరిన దాదాపు 600 మందిలో తెలుగువాళ్లదే పెద్ద వాటా. సిగ్గుపడాల్సిందే, ఒప్పుకుంటాను. అయితే వీళ్లు గోడ దూకి వెళ్లినవాళ్లు కారు. విద్యార్థి వీసా మీద వెళ్లినవాళ్లు, అంటే ఆ ప్రశ్నకి తప్పకుండా తిరిగొస్తామని చెప్పి ఫుల్ మార్కులు తెచ్చుకున్నవాళ్లు. ఆ జల్లెడ ఆపాల్సినవాళ్లని ఆపలేదు. అది నిక్కచ్చిగా పట్టుకునేది నోరు తిరగనివాణ్ణీ, తడబడేవాణ్ణీ, పొరపాటున నిజం చెప్పేవాణ్ణీ.

వాళ్లిల్లు వాళ్లిష్టం, నచ్చినవాళ్లని రానిస్తారు అన్నది ఇంకో అభ్యంతరం. ఆ హక్కు కాదనడానికి మనమెవరం? తలుపు వెయ్యమనండి, సీట్లు తగ్గించమనండి, చదువు మీద ఎంత కఠినమైన ప్రశ్నలైనా వెయ్యమనండి. వాటికి జవాబులుంటాయి. ఈ ఒక్క ప్రశ్న తీసేస్తే కొంపలేం మునగవని చెప్పడానికి దేశాలే ఉన్నాయి. చదువు కోసం తాత్కాలికంగా వస్తూనే శాశ్వతంగా ఉండిపోవాలనుకోవడం కెనడా చట్టంలో తప్పు కాదు. గడువు తీరాక వెళ్లిపోతాడన్న నమ్మకం కలిగితే చాలు. ఆస్ట్రేలియా అయితే, తాత్కాలికంగానే ఉంటానని రుజువు చెయ్యమనే నిబంధనని 2024 మార్చిలో ఎత్తేసి, నిజమైన విద్యార్థివేనా అని మాత్రం చూస్తోంది. దాతృత్వం అనుకునేరు! 710 డాలర్లున్న వీసా ఫీజుని అదే ఏడాది జూలైలో 1600 చేసింది, మరుసటేడు 2000. అబద్ధమాడే శ్రమ తప్పించినందుకు అనుకుంటే, ఆస్ట్రేలియా డాలర్లలోనైనా అది కాస్త గట్టి ధరే.

అమెరికా మాత్రం వేరే దారి పట్టింది. మాట నమ్మలేకపోతున్నాం కాబట్టి, విద్యార్థులు తమ సోషల్ మీడియా ఖాతాలన్నీ అందరికీ కనబడేలా తెరిచి పెట్టాలని 2025 జూన్‌లో చెప్పింది. పిల్లలు జాగ్రత్తపరులు. ఉన్న ఫొటోలు తీసేస్తారు, లేని దేశభక్తి చేరుస్తారు. చుట్టాలనేం చేస్తారు? యూనివర్సిటీ నుంచి ఐ-20 కాగితం వచ్చిన రోజున ఆ సంతోషం పెడితే, దానికింద మేనమామ ప్రేమ పట్టలేక, "సూపర్ అల్లుడూ, ఇక నువ్వు అక్కడోడివే, గ్రీన్ కార్డు వచ్చాక మమ్మల్ని కూడా పిలిపించుకో" అని రాసి మూడు విమానం బొమ్మలు పెడతాడు. ఫైల్లో ఉన్న సీఏ సర్టిఫికెట్ ఎంత గట్టిదైనా, ఆ సాక్షి ముందు నిలబడటం కష్టం.