గ్యాస్ అయిపోయింది సార్!

చలికాలంలో జహీరాబాద్ వాళ్ల గర్వం చూసి తీరాలి. రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రత నమోదైన ఊళ్లు ఇవీ అని పేపర్లో జాబితా వేస్తే, మా పక్కనున్న కోహీర్ పేరు తరచూ పైవరసలోనే ఉంటుంది. వెంటనే దాన్ని ఫొటో తీసి హైదరాబాద్ చుట్టాలందరికీ వాట్సాప్‌లో పంపిస్తాం. సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉన్నాం మరి, ఊటీకి దూరపు బంధువులమన్నంత ధీమా! ఏప్రిల్ రాగానే ఆ ధీమా కరిగి బనియన్‌కి అంటుకుంటుంది. అప్పుడు ఉష్ణోగ్రత సంగతి ఎవరికీ చెప్పం. ఏసీ మెకానిక్‌కి మాత్రం ఫోన్ చేస్తాం. ఆయన ఎత్తడు.

అసలు చల్లదనానికీ మా ఊరికీ మొదట్నుంచీ జాతకం కలవలేదు. ఫ్రిజ్‌లకు పేరుమోసిన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ 1980లలో జపాన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. ఆహా అనుకునేలోపే ఇక్కడ తయారైనవి లారీలని తెలిసింది. తరవాత అది మహీంద్రా చేతికి వెళ్లింది, ట్రాక్టర్ల ప్లాంటు కూడా వచ్చింది. ఫ్రిజ్‌లు లోకమంతటికీ, ఇంజన్లు మాకు!

ఏసీ అన్నది కూడా మనలాంటి వాళ్ల సుఖం కోసం పుట్టిందేమీ కాదు. 1902లో విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్ కోసం దాన్ని రూపొందించాడు. గాలిలో తేమకి కాగితం ఉబ్బి రంగులు ఒకదానిమీదొకటి సరిగ్గా పడటం లేదట, అదీ బాధ. అంటే మొదటి ఏసీ కాగితాలకి పెట్టింది. నూట ఇరవై ఏళ్లు దాటినా దానికి కాగితాల మీదున్న ప్రేమ తగ్గలేదు. వారంటీ కార్డు, ఏఎంసీ పత్రం, కరెంటు బిల్లు... ఏటా దానిపేరిట ఒక ఫైలు లావెక్కుతూనే ఉంటుంది.

మా ఇంటి ఏసీ పాతకాపు. పోయిన ఎండాకాలం ఓ మధ్యాహ్నం అది చల్లగాలి మానేసి ఉత్తగాలి మొదలెట్టింది. ఏసీకి జబ్బు చేసిందని తెలిస్తే పలకరించడానికి వచ్చే వాళ్లందరూ డాక్టర్లే. ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టారు "వోల్టేజీ" అన్నారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మా బావమరిది వీడియో కాల్‌లో చూసి "పీసీబీ పోయింది బావా" అని తేల్చాడు. మా అమ్మ మాత్రం "దిష్టి తగిలింది బిడ్డా" అని మిరపకాయలు తెచ్చింది. "మా కాలంల గీ మిషన్లు యాడియి? వాకిట్ల నీళ్లు సల్లుకొని మంచమేసుకొని పండేటోల్లం" అని పనిలోపనిగా నాలుగు తిట్లు కూడా ఏసీకి తిప్పి పడేసింది.

ఇక మెకానిక్‌లు. మా ఊరు కర్ణాటక సరిహద్దున ఉంది కాబట్టి తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ నడుస్తాయి. ఏసీ రోగం మాత్రం మూడింట్లోనూ ఒకటే. మొదటాయన తలెత్తి చూసి "గ్యాస్ అయిపోయింది సార్" అన్నాడు. రెండో ఆయన "గ్యాస్ ఖతం హోగయా సాబ్" అన్నాడు. బీదర్ నుంచి వచ్చినాయన "గ్యాస్ ఖాలి ఆగిదె" అన్నాడు. ముగ్గురిలో ఒక్కరూ స్క్రూడ్రైవర్ బయటికి తీయలేదు.

ఇక్కడ ఓ మాట చెప్పుకోవాలి. ఏసీలో గ్యాస్ వంటింటి సిలిండర్‌లోలాగా కాలి ఖర్చయ్యేది కాదు. మూసిన రాగి గొట్టాల్లో అదే గ్యాస్ లోపలికీ బయటికీ తిరుగుతూ ఉంటుంది. గదిలో ఆవిరై వేడిని పీల్చుకుంటుంది, బయటి పెట్టెలో కంప్రెసర్ దాన్ని నొక్కితే మళ్లీ ద్రవమై ఆ వేడిని వీధిలోకి వదిలేస్తుంది. మన గది చల్లబడటమంటే పక్కింటి వాళ్ల కిటికీ వేడెక్కడమే! ఎక్కడా చిల్లు లేకపోతే పదేళ్లయినా గ్యాస్ అలాగే ఉండాలి. తగ్గిందంటే కారుతోందని అర్థం. కారే చోటు మూయకుండా ఏటా గ్యాస్ నింపించుకునే వాళ్లు మా వీధిలోనే బోలెడు మంది. పండగ మామూలంత నిష్ఠగా ఇస్తారు.

పైగా ఆ గ్యాస్ ఎంత పట్టాలో బయటి పెట్టె మీద లేబుల్‌లో గ్రాములతో సహా రాసి ఉంటుంది. ఇప్పటి ఆర్-32 లాంటివాటిని తూచే నింపాలి, అంతకుముందు పైపుల్లోని గాలినీ తేమనూ వ్యాక్యూమ్ పంపుతో లాగేయాలి. మా ప్రాంతం అల్లం పంటకి పేరు. బజారుకెళ్లి పావుకిలో అల్లం కొంటే త్రాసు ముల్లు వంక కన్నార్పకుండా చూస్తాం. వేల రూపాయల గ్యాస్‌ని మాత్రం "చాలా సార్?" అని అడిగితే "చాలు" అని తలూపుతాం.

చివరికి ఎవరో చెబితే ఒక ముసలి ఉస్తాద్ వచ్చాడు. డాబా ఎక్కి బయటి పెట్టె మీద చెయ్యి పెట్టాడు, చెవి పెట్టాడు, వెనక్కి తిరిగి "పైలే ఇస్కో నహలావ్ సాబ్" అన్నాడు. ముందు దీనికి స్నానం చేయించమని! మా ఎర్రనేల దుమ్ము, 65వ నంబరు జాతీయ రహదారి మీద పగలూ రాత్రీ పోయే లారీల ధూళి అన్నీ కలిసి ఆ జాలీకి ఒక గోడ కట్టేశాయి. వేడి బయటికి పోయే దారే లేదు. ప్రెషర్ పంపుతో కడుగుతుంటే ఎర్రటి నీళ్లు డాబా మీంచి ధారకట్టాయి. మా అమ్మ దిష్టి దిగిందని దణ్ణం పెట్టుకుంది. ఆపైన ఉబ్బిపోయిన కెపాసిటర్ ఒకటి మార్చాడు. కొన్ని వందల రూపాయల వస్తువు. మూడు భాషల్లో ఖాళీ అయిన గ్యాస్ తన గొట్టంలో తను నిక్షేపంగా ఉంది.

అలాగని ఉస్తాద్ అమృతం పోయలేదు కదా. ఎండాకాలం చివర్లో కంప్రెసరే కన్నుమూసింది. దాంట్లో ఉన్నది పాత ఆర్-22 గ్యాస్. ఓజోన్ పొరకి హాని అని 1987 మాంట్రియల్ ఒప్పందం కింద దేశాలన్నీ దశలవారీగా మానేస్తున్న రకం. ఇక మార్చక తప్పలేదు. షాపువాడు ఎక్స్‌ఛేంజ్‌కి ఇస్తానన్న సొమ్ముకన్నా పాత సామాన్ల వాడు రాగి తూచి ఇచ్చిందే ఎక్కువ. బతికున్నన్నాళ్లూ ఒకటిన్నర టన్ను అని గొప్పగా చెప్పుకున్నాం, పోయాక కిలోల్లో లెక్క తేలింది.

ఏసీ విలాసమన్నది మా అమ్మ వాదన. జీఎస్టీ మండలి కూడా చాలాకాలం 28 శాతం పన్ను వేసి అమ్మ పక్షానే నిలబడింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి దిగి పార్టీ ఫిరాయించింది. ఆ తగ్గిన పదిశాతంతో సంబరపడుతూ షాపులోకి అడుగుపెట్టాను. "ఫ్రీ ఇన్‌స్టలేషన్" అన్న బోర్డు కూడా కనబడింది. తరవాత తెలిసింది, ఫ్రీ అంటే గోడకి తగిలించడం వరకేనని. అదనపు రాగి పైపుకి మీటరు లెక్కన, స్టాండుకి వేరే, గోడకి కన్నం పెడితే వేరే. పన్నులో మిగిలింది కన్నంలో పోయింది.

కొత్తదానికి ఒకసారి నీళ్లు కారాయి. కంపెనీకి ఫోన్ చేస్తే ఒక అమ్మాయి నాకన్నా ఎక్కువ విచారం వ్యక్తం చేసి కంప్లయింట్ నంబర్ ఇచ్చింది. వచ్చిన కుర్రాడు చెప్పులు విప్పకముందే "సార్, హ్యాపీ కోడ్ వచ్చింటది, చెప్పున్రి" అన్నాడు. నేను సంతోషించానని ధ్రువీకరించే ఓటీపీ అట అది. "ఇంకా నీళ్లు కారుతున్నాయి కదయ్యా" అంటే "కోడ్ చెప్తే గదా సార్ కంప్లయింట్ క్లోజయ్యేది" అన్నాడు. డ్రెయిన్ పైపులో పేరుకున్న నాచుని ఊది తీసింది మా ఆవిడ. హ్యాపీ అయింది కంపెనీ.

ఇక రిమోట్. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని కేంద్రం నియమం పెట్టింది. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందని లెక్క. మా ఇంట్లో ఆ నియమం ఆన్ చేసిన అయిదో సెకను దాకా అమలవుతుంది. తరవాత మా అబ్బాయి 16 నొక్కుతాడు. 16 పెట్టినంత మాత్రాన మామూలు ఏసీ తొందరగా చల్లబరచదు, ఆగకుండా తిరుగుతుందంతే. అర్ధరాత్రి మా ఆవిడ 26 చేస్తుంది, తెల్లారుజామున మా అమ్మ స్విచ్చే ఆపేస్తుంది. 2025 జూన్‌లో 20 నుంచి 28 మధ్యే ఉండేలా ఏసీలకు హద్దు పెడతామని కేంద్రమంత్రి అన్నప్పుడు, మా ఇంట్లో ఎక్కువ సంతోషించింది నేనే. బిల్లు కట్టేది నేను కాబట్టి.

ఇన్ని చూశాక నాకు అర్థమైందేమిటంటే, ఏసీకి వచ్చే జబ్బుల్లో సగం మురికివే. కానీ మురికి అంటే మనకి నచ్చదు. కడగమంటే నామోషీ, గ్యాస్ అంటే గౌరవం. కాబట్టి అయ్యలారా, అమ్మలారా, శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. ఆ శివరాత్రికే మా పక్కన జరిగే ఝరాసంగం జాతరకి బయల్దేరే ముందే ఏసీ సర్వీసింగ్ చేయించండి, అప్పుడైతే మెకానిక్ ఫోన్ ఎత్తుతాడు. లోపలి ఫిల్టర్‌ని రెండు వారాలకోసారి కుళాయి కింద కడగండి, దానికి ఎవర్నీ పిలవక్కర్లేదు. ఎవరైనా "గ్యాస్ అయిపోయింది" అంటే "ఎక్కడ కారింది, చూపించు" అని ఒక్క మాట అడగండి. చూపించగలిగితే డబ్బులివ్వండి. చూపించలేకపోతే ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చి పంపేయండి.