వినపడుతోందా?

మియాపూర్‌లోని ఆ అపార్ట్‌మెంటులో ఎవరి ఫోన్ మొరాయించినా ముందు వెళ్లేది మూడో అంతస్తుకే. అక్కడ మూడొందల రెండులో ఉండే ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పైసా పుచ్చుకోడు, కాఫీ కూడా ఆశించడు. ఒకటే షరతు: రోగం ఎందుకొచ్చిందో ఆయన చెబుతుంటే పూర్తయ్యేదాకా వినాలి. సెక్రటరీగారి ఫోన్ ఛార్జింగ్ ఎక్కనప్పుడు కన్నంలో పేరుకున్న దుమ్ము తీయడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ దుమ్ము పురాణం వినడానికి అరగంట పట్టింది. అయినా పని జరిగేది కనుక జనం ఓర్చుకునేవారు.

ఒకసారి సమస్య ఆయన ఇంట్లోనే వచ్చింది.

ఆవిడ ఖైరతాబాద్‌లో ఓ బ్యాంకులో పనిచేస్తుంది. దసరాకి ఆయన కొత్త ఫోన్, దానికి జతగా ఇయర్‌బడ్స్ కొనిచ్చాడు. అన్ని యాప్‌లూ తనే వేసి, సెట్టింగులన్నీ తనే సరిచేసి మరీ చేతిలో పెట్టాడు. పొద్దున్న మెట్రోలో, మధ్యాహ్నం భోజనం దగ్గర ఆవిడకి దొరికే కాస్త సమయం పాటలదే. కొత్త ఇయర్‌బడ్స్ కొన్నాళ్లు చక్కగానే పాడాయి. తర్వాత పాట చెడింది.

“ఏమండీ, ఇందులో పాట సరిగ్గా రావట్లేదు,” అంది ఓ రాత్రి.

ఆయన సోఫాలో కూర్చుని తన ఫోన్ చూసుకుంటున్నాడు. “ఊఁ,” అన్నాడు.

“గ్యాస్ కూడా అయిపోవచ్చింది. బుక్ చేయాలి.”

“ఊఁ.”

మర్నాడూ అంతే. ఆ మర్నాడు ఆవిడ విసిగిపోయి, “సరే, రేపు దార్లో ఏదైనా షాపులో చూపించుకుంటాలెండి,” అంది.

ఆయన తల ఎత్తాడు. “షాపువాళ్లకేం తెలుసు? ఇలా ఇయ్యి. ఎలా వస్తోంది? మధ్యమధ్యలో ఆగిపోతోందా, గరగరమంటోందా?”

“రెండూ కాదు. బకెట్లో తలపెట్టి పాడుతున్నట్టుంది. వేణువు ఉందో లేదో తెలీదు, గజ్జెలు అసలే వినపడవు. రెండు చెవుల్లోనూ ఒకేలా వస్తోంది. ఎవరో ఫోన్ చేసి పాట వినిపిస్తున్నట్టుందండీ.”

ఆయన ఓ క్షణం ఆగాడు.

“గులిమి,” అన్నాడు.

“ఏమిటీ?”

“చెవిలో గులిమి. ఆ జాలీకి అంటుకుంటే ముందు పోయేవి సన్నటి శబ్దాలే. దాన్ని సూదితో పొడవకూడదు, నీళ్లతో కడగకూడదు. పొడిగా ఉన్న మెత్తటి బ్రష్షు చాలు.” తుడిచాడు. పాట పెట్టాడు. వేణువు వచ్చింది, గజ్జెలు వచ్చాయి, తబలా ఎడమవైపు, వయొలిన్లు కుడివైపు సర్దుకున్నాయి. “చూశావా?” అన్నాడు.

మర్నాడు భోజనం వేళకి మళ్లీ బకెట్టే.

ఈసారి ఆయన ఫోన్లో ఆ ఇయర్‌బడ్స్ పేరు తీసేసి, మళ్లీ కొత్తగా జత కలిపాడు. ఫోన్ సాఫ్ట్‌వేర్ మారినప్పుడు పాత జత ఒక్కోసారి పొసగదనీ, ఇలా తెంపి కలిపితే చాలా రోగాలు కుదురుతాయనీ చెప్పాడు. వినికిడి సదుపాయాల్లోకి వెళ్లి మోనో ఆన్‌లో ఉందేమో, కుడిఎడమల తూకం ఒకవైపు ఒరిగిందేమో చూశాడు. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఆయన పక్కన కూర్చుని వింటే పాట కూడా సక్రమంగానే ఉంది.

“నేను పక్కనుంటేనే నీకు పాట బాగుంటుందన్నమాట,” అని నవ్వాడు.

ఆవిడా నవ్వింది. మర్నాడు మెట్రో ఎక్కేదాకా నవ్వుతూనే ఉంది.

“అయితే అది జనం వల్ల,” అని తేల్చాడు ఆయన ఆ రాత్రి. “బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర. వైఫై కూడా అక్కడే. మీ బ్యాంకులో టిఫిన్లు వేడిచేసుకునే మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే. ఆ కాస్త జాగాని 79 ఛానళ్లుగా విడగొట్టి, సెకనుకి 1,600 సార్లు ఒకదాన్నుంచి ఇంకోదానికి గెంతుతూ పాటని పంపిస్తుంది. రద్దీగా ఉన్న ఛానల్ని వదిలేసి ఖాళీగా ఉన్నవి వెతుక్కుంటుంది కూడా. కానీ అమీర్‌పేట స్టేషన్లో ఎర్ర లైను జనం, నీలం లైను జనం ఒక్కచోట కలుస్తారా? ప్రతివాడి చెవిలోనూ ఒకటుంటుంది. ఇక ఖాళీ ఎక్కడ?”

“జనం ఎక్కువైతే పాట తెగి తెగి వస్తుందని మీరే కదా పైయింటావిడకి చెప్పారు? నాకు తెగట్లేదు. సాఫీగానే వస్తోంది, బకెట్లోంచి వస్తోంది. అచ్చం ఫోన్లో మాట్లాడుతున్నప్పటి గొంతులా.”

ఆ ప్రశ్న ఆయనకి వినపడినట్టు లేదు. “కోడెక్ చూద్దాం,” అన్నాడు.

ఫోన్ వివరాల్లోకి వెళ్లి బిల్డ్ నంబర్ మీద 7 సార్లు తట్టాడు. డెవలపర్ ఆప్షన్లు తెరుచుకున్నాయి. అందులో ఓ జాబితా చూపించాడు. “పాట పెద్దది, బ్లూటూత్ దారి ఇరుకు. అందుకని పాటని కుదించి పంపుతారు. ఆ కుదించే పద్ధతే కోడెక్. ఎస్‌బీసీ అన్నిట్లోనూ ఉండి తీరాలి, దానికి మామూలుగా సెకనుకి 328 కిలోబిట్లు పైహద్దు. ఐఫోన్లలో ఏఏసీ. సోనీవాళ్ల ఎల్‌డ్యాక్ అయితే 990 దాకా వెళ్తుంది. 2017లో ఆండ్రాయిడ్ 8 వచ్చిన దగ్గర్నుంచి దీన్ని మనమే ఎంచుకోవచ్చు. కాకపోతే ఇటు ఫోన్లోనూ అటు ఇయర్‌బడ్స్‌లోనూ ఉంటేనే పనిచేస్తుంది. ఇంకో కిటుకు ఉంది. 990 పెట్టుకుంటే గొప్పే, కానీ జనంలో అంత మోయలేక తెగిపోతుంది. మెట్రోలో 330కి దించుకున్నవాడే తెలివైనవాడు.”

ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. ఎవరి ఇయర్‌బడ్స్ అయినా ఆయన చెప్పిన వరసలో చూసుకుంటే ఎక్కువభాగం బాగుపడేవే. ఆవిడవి మాత్రం ఇంట్లో బాగుంటున్నాయి, గడప దాటితే పాడవుతున్నాయి.

“గ్యాస్ బండ ఇవాళో రేపో అన్నట్టుందండీ,” అంది ఆవిడ లేస్తూ.

“ఊఁ. ప్రమోషన్ పరీక్ష రాస్తావా ఏమిటి? రాస్తే బదిలీ తప్పదు. ఆలోచించుకో.”

ఆవిడ ఆగి చూసింది. పరీక్ష సంగతి ఆ మధ్యాహ్నమే పక్క సీటు అమ్మాయితో అనుకుంది. ఇంట్లో ఇంకా ఎత్తలేదు. “మీకెవరు చెప్పారు?”

“బ్యాంకుల్లో ఈ రోజుల్లో పరీక్షలు మామూలేగా,” అని ఆయన మళ్లీ ఫోన్లో తల దూర్చాడు.

తర్వాత ఆవిడ పాట గురించి కొన్నాళ్లు ఎత్తలేదు. ఎలా ఉందని ఆయనే రెండుమూడుసార్లు అడిగాడు. “ఫరవాలేదు,” అంది. ఓ సాయంత్రం బ్యాంకు నుంచి వచ్చి, చెప్పులు విడిచి, ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఇవాళ ఓ పరీక్ష పెట్టి చూశానండీ. మీరు జనం వల్లన్నారు, వైఫై వల్లన్నారు, ఓవెన్ వల్లన్నారు. ఇవేవీ లేని చోట, ఒక్కదాన్నే కూర్చుని విన్నాను. అయినా పాట అలాగే ఉంది.”

ఆయన ముఖంలో వెలుగు వచ్చింది. తనకి పూర్తిగా తెలిసిన పాఠం అడిగినప్పుడు వచ్చే వెలుగు అది.

“ఉంటుంది మరి! అక్కడే అందరూ పొరపాటు పడతారు. ఖాళీ చోటైతే సిగ్నల్ బాగుంటుందనుకుంటారు. సగం నిజమే. మన ఒళ్లంతా నీరు కదా, ఆ నీరు ఈ తరంగాలని చాలావరకు మింగేస్తుంది. ఫోన్ హ్యాండ్‌బ్యాగులో ఒక పక్కనుంటుంది, చెవి ఇంకో పక్కన. మధ్యలో నువ్వు అడ్డం. గదిలో అయితే ఆ తరంగం గోడకో కప్పుకో తగిలి, చుట్టూ తిరిగి చెవికి చేరుతుంది. ఆరుబయట తగలడానికి ఏముంది? పైన ఆకాశం, ముందు నీళ్లు. చెరువు గట్టు మీద కూర్చుంటే ఇంతకన్నా ఎలా వస్తుంది? ఈసారి ఫోన్ చేత్తో ముందుకి పట్టుకుని చూడు.”

“ఇది నిజమేనా?”

“నూటికి నూరుపాళ్లు.”

“అయితే ఇంకోటి చెప్పండి. చెరువు గట్టని మీకెవరు చెప్పారు?”

“నువ్వేగా ఇప్పుడు...”

“జనం లేని చోటన్నాను.”

“అదే... జనం లేని చోటంటే... ఊహించాను.”

“నేను చెరువు దగ్గరికి వెళ్లనే లేదండీ. బ్యాంకు రికార్డు రూములో బీరువాల మధ్య స్టూలేసుకుని కూర్చున్నాను. చుట్టూ నాలుగు గోడలు, పైన కప్పు. ఇయర్‌బడ్స్ పెట్టుకుని, ‘ఈ చెరువు గట్టు మీద ఎంత హాయిగా ఉందో’ అని గోడకేసి చెప్పాను. అక్కడ వినడానికి మనిషన్నవాడు లేడు.”

ఆయన ఏమీ అనలేదు. పాఠం మధ్యలో ఆయన ఆగిపోవడం ఆ అపార్ట్‌మెంటులో ఎవరూ ఎన్నడూ చూడలేదు.

“ఖైరతాబాద్ స్టేషన్ బయట ఓ మొబైల్ షాపు ఉంది. అందులో కుర్రాడికి మీ అంత చదువు లేదు. పాట విని, ‘మేడం, ఇది పాట వచ్చే దారి కాదు, కాల్ వచ్చే దారి’ అన్నాడు. పాటకి ఒక పద్ధతి ఉందిట, మాటకి ఇంకో పద్ధతిట. పాట ఫోన్ నుంచి చెవికి ఒకవైపే వెళ్తుంది. రెండు చెవులకీ విడివిడిగా, సెకనుకి 44,100 నమూనాలతో. ఏ యాప్ అయినా ఇయర్‌బడ్స్ మైకు తెరిచిందంటే బ్లూటూత్ ఆ పద్ధతి వదిలేసి కాల్ పద్ధతిలోకి దిగిపోతుంది. అక్కడ 8,000 నమూనాలే, కొత్తవాటిలో అయితే 16,000. రెండు చెవులకీ ఒకే శబ్దం. మాటలకి అది చాలు, వేణువుకి చాలదు. గులిమి దగ్గర్నుంచి ఎల్‌డ్యాక్ దాకా అన్నీ చెప్పారు. ఇదొక్కటీ మీకు తెలియదంటే ఎలా నమ్మమంటారు?”

“అది కాదు...”

“తెర పైన కుడి మూల పచ్చ చుక్క చూపించాడు. మైకు గానీ కెమెరా గానీ ఎవరైనా వాడుతుంటే అది వెలుగుతుందిట. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచీ ఉందిట. పైనుంచి కిందికి లాగి దాన్ని తడితే, వాడుతున్నది ఎవరో పేరుతో సహా చెబుతుందిట. తట్టాను. బ్యాటరీ ఆదా చేసే యాప్. దసరాకి మీరు వేసిచ్చిందే. బ్యాటరీ ఆదా చేసేదానికి నా గొంతుతో పనేమిటో నాకర్థం కాలేదు. అందుకే చెరువు గట్టుకి వెళ్లాల్సొచ్చింది.”

“నీ క్షేమం కోసమే... రోజులు బాగాలేవు కదా. మెట్రోలో ఒక్కదానివే...”

“ఆ యాప్ తీసేశాను. సాయంత్రం మెట్రోలో, అమీర్‌పేట రద్దీలో నిలబడి విన్నాను. మీ 79 ఛానళ్లూ నిండిపోయే ఉంటాయి. అయినా వేణువు ఎంత బాగుందో!”

ఆయన సంజాయిషీకి ఇంకేదో మాట వెతుక్కుంటున్నాడు. ఆవిడ లేచి వంటింటి వైపు వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

“గ్యాస్ అయిపోతోందని ఈ సోఫా పక్కనే నిలబడి రోజూ చెప్పాను. మీకు వినపడలేదు. రికార్డు రూములో గోడకి చెప్పింది మాత్రం వినపడింది.”