ఆరు నెలల అమెరికా, పన్నెండేళ్ల కంపార్టుమెంటు

విదేశంలో నర్సుగా చేరడానికి నర్సింగు వస్తే చాలదు. చదివిన చదువు నిజమేనని ఒకరు, చేసిన ఉద్యోగం నిజమేనని ఇంకొకరు, మాట్లాడే ఇంగ్లీషు ఇంగ్లీషేనని మరొకరు ఒప్పుకోవాలి. ఆపైన ఆ దేశపు లైసెన్సు పరీక్ష, దాని వెనక వీసా. తిరుపతిలో బస్టాండు నుంచి ఎయిర్ బైపాస్ రోడ్డు దాకా కట్టే ఫ్లెక్సీల్లో ఈ వరుసంతా మూడు మాటల్లోకి కుదించుకుపోయింది: ‘ఆరు నెలల్లో అమెరికా’. దాని కింద ‘ప్రపంచానికి నర్సులనిచ్చే నేల మనది’ అని ఒక గొప్ప కూడా ఉంటుంది.

ఈ విషయం మీద వాదించేవాళ్లు రెండు రకాలు. మొదటి రకం కన్సల్టెన్సీ మనిషి. ఇస్త్రీ చొక్కా, మెడలో ట్యాగు, బల్ల మీద గ్లోబు. ఆ గ్లోబులో అమెరికా ఎప్పుడూ వచ్చినవాళ్ల వైపే తిరిగి ఉంటుంది. ఇతనికి గ్యారంటీరావు అనే పేరు సరిపోతుంది. రెండో రకం సర్కారు ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు డ్యూటీ చేసి రిటైరైన హెడ్‌నర్సు సిస్టరమ్మ. ఎవరేం చెప్పినా కేస్‌షీటు చూడందే నమ్మదు. ఇద్దరి మధ్య కుర్చీలో బీఎస్సీ నర్సింగు పూర్తిచేసిన అమ్మాయి, సిస్టరమ్మకు అక్క కూతురు, కూర్చుని ఉంటుంది. ఆమెను ఎవరూ ఏమీ అడగరు.

గ్యారంటీరావు: మీరు సంతకం పెట్టండి మేడమ్, చాలు. ఆర్నెల్లు తిరిగేసరికి పాప అమెరికాలో ఉంటుంది.

సిస్టరమ్మ: దిగేది సరే నాయనా, ముందు ఎక్కే మెట్లు చెప్పు.

మొదటి మెట్టు కాగితాలు. అమెరికా కోసం వీటిని పరిశీలించేది ఫిలడెల్ఫియాలో 1977లో పుట్టిన సీజీఎఫ్ఎన్ఎస్. ఈమధ్యే ట్రూమెరిట్ అని పేరు మార్చుకుంది. గల్ఫ్ దేశాలకు ఆ పని డేటాఫ్లో చేస్తుంది. రెండింటి సూత్రమూ ఒకటే, అభ్యర్థి చేతి మీదుగా వచ్చిన కాగితాన్ని నమ్మకూడదు. మార్కుల వివరాలు చదివిన సంస్థ నుంచి, రిజిస్ట్రేషను ధ్రువీకరణ నర్సింగు కౌన్సిల్ నుంచి నేరుగా పోవాలి. ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కింద చదివినవాళ్లు తిరుపతిలో చదివినా విజయవాడకు తిరగాలి. రాష్ట్రం విడిపోకముందు రిజిస్టరైనవాళ్ల పేర్లు హైదరాబాదులో రాసిన పుస్తకాల్లో ఉంటాయి.

గ్యారంటీరావు: పత్రాల సంగతి మావాళ్లు చూసుకుంటారు మేడమ్.

సిస్టరమ్మ: మీవాళ్లు చూడగూడదనే గదప్పా వాళ్ల రూలు! సరే, ఎక్స్‌పీరియన్సు ఎవురు చెప్పాల?

గ్యారంటీరావు: పనిచేసిన ఆసుపత్రికి మెయిలు వస్తుంది. వాళ్లు ‘అవును’ అని రిప్లై కొడితే అయిపోయింది.

సిస్టరమ్మ: ముప్పై మంచాల నర్సింగుహోములో మెయిలు తెరిచేదెవురు? బాండు తీరకముందే మానేసిందని పిల్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి బీగం వేసుకున్న ఓనరు, ఫిలడెల్ఫియా అడిగితే మాత్రం ‘మా బంగారుతల్లి’ అని రాస్తాడా?

దీనికి గ్యారంటీరావు దగ్గర జవాబు లేదు గనక రెండో మెట్టు ఎక్కాడు. అది అమెరికా లైసెన్సు పరీక్ష, ఎన్‌క్లెక్స్. కంప్యూటరు మీద రాసే ఈ పరీక్షలో ఒక ప్రశ్నకు ఇచ్చిన జవాబును బట్టి తర్వాతి ప్రశ్న కష్టమవుతుంది, లేదా తేలికవుతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త పద్ధతి వచ్చింది. తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150, గడువు ఐదు గంటలు. ఫీజు 200 డాలర్లు, అమెరికా బయట రాస్తే మరో 150. రాయడానికి చెన్నైకో బెంగళూరుకో పోవాలి. మన పిల్లలు ఈ పరీక్ష బాగానే గట్టెక్కుతున్నారు. కథ అసలు చిక్కుపడేది ఆ తర్వాతే.

గ్యారంటీరావు: నర్సులంటే అమెరికాకు స్పెషలు మేడమ్. వాళ్ల దగ్గర నర్సులు చాలరని వాళ్లే షెడ్యూల్ ఏ అని రూలు రాసుకున్నారు. లేబర్ సర్టిఫికేషను కూడా అక్కర్లేదు.

సిస్టరమ్మ: అంటే తిరుమలలో మూడొందల దర్శనం టికెట్టు తీసుకున్నట్టు.

గ్యారంటీరావు: కరెక్టుగా చెప్పారు!

సిస్టరమ్మ: మూడొందల టికెట్టోళ్లు కూడా కొండమీద కంపార్టుమెంట్లో కూచోవాల్సిందే గదా. ఇక్కడ ఎన్ని గంటలు?

గ్యారంటీరావు: గంటలు కాదు మేడమ్...

సిస్టరమ్మ: దినాలా?

గ్యారంటీరావు: ఏండ్లు. ఒక పన్నెండు, అటూ ఇటూ.

లెక్క ఇది. ఉద్యోగం ఆధారంగా అమెరికా ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. నర్సులు వచ్చే ఈబీ-3 తరగతి అందులో మూడోవంతు కూడా కాదు. ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వరాదన్నది 1990 నాటి చట్టం. జనాభా ఎంతైనా ఐస్‌లాండుకూ ఇండియాకూ గీత ఒక్కటే. ఇండియా వరుసలో నర్సుల ముందు నిలబడింది ఎక్కువగా మన సాఫ్ట్‌వేరు పిల్లకాయలే. 2025 పొడుగునా వీసా బులెటిన్లలో భారతీయుల ఈబీ-3 తేదీ 2012 చివరి నుంచి 2013లోకి పాకుతూ గడిపింది. అంటే 2012, 2013లో దరఖాస్తు పెట్టినవాళ్లకు 2025లో పిలుపు.

గ్యారంటీరావు: ప్రీమియం ప్రాసెసింగ్ ఉంది మేడమ్! మూడు వేల డాలర్ల దాకా కడితే పిటిషను 15 పనిదినాల్లో తేల్చేస్తారు.

సిస్టరమ్మ: అది శ్రీవాణి టికెట్టా?

గ్యారంటీరావు: అలాగే అనుకోండి.

సిస్టరమ్మ: శ్రీవాణికి పదివేలిచ్చినోడు పోయి స్వామి ముందర నిలబడతాడప్పా. మీ ప్రీమియమోడు యాడికి పోతాడు?

గ్యారంటీరావు: కంపార్టుమెంటు లోపలికి.

సిస్టరమ్మ: దర్శనానికి కాదు, కంపార్టుమెంటు వాకిలి బిరీన తెరిపించుకునేదానికా అన్ని దుడ్లు! కొండమీదైతే ఆ కంపార్టుమెంట్లో పాలన్నా ఇస్తారు, ఉప్మా అన్నా పెడతారు. మరి ముందే రాసిన ఇంగ్లీషు పరీక్ష?

గ్యారంటీరావు: ఐఈఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్లు చెల్లుతుంది. వీసాకు కావలసిన వీసాస్క్రీన్ సర్టిఫికెట్టు ఐదేళ్లు.

సిస్టరమ్మ: కల్యాణకట్టలో గుండు కొట్టించుకోని లైన్లో నిలబడితే, దర్శనమయ్యే లోపల జుట్టు పెరిగి జడకొచ్చిందంట. మళ్లీ పోయి కొట్టించుకోవాల.

గ్యారంటీరావు ఇక్కడ ఒక దొడ్డిదారి చూపించాడు. అమెరికా వరుస పౌరసత్వాన్ని బట్టి కాదు, పుట్టిన దేశాన్ని బట్టి. భర్తో భార్యో వేరే దేశంలో పుట్టి ఉంటే ఆ దేశపు వరుసలో నిలబడే వెసులుబాటు ఉంది. నిబంధన నిజమైనదే. కానీ అది బయటపడిన నిమిషం నుంచి చర్చ నర్సింగును వదిలేసి పెళ్లిచూపుల్లో పడింది.

సిస్టరమ్మ: అంటే అల్లుడు నేపాల్లో పుట్టుంటే నేపాల్ లైనా?

గ్యారంటీరావు: అవును మేడమ్. ఇండియా లైనుతో చూస్తే అది లైనే కాదు.

సిస్టరమ్మ: కువైట్లో పుట్టుంటే?

గ్యారంటీరావు: కువైట్ లైను. అదీ చిన్నదే.

సిస్టరమ్మ: మా ఎదురింట్లో రాయచోటి వాళ్లుండారు. వాళ్ల పిల్లోడు కువైట్లోనే పుట్టినాడు. డిగ్రీ తప్పినాడని ఇన్నాళ్లూ ఎవురూ పిల్లనీలేదు. ఇంక వాళ్లమ్మను పట్టేదానికి లేదు! జాతకంలో నక్షత్రం, పాదం అడిగేది పోయి కాన్పు ఏ దేశంలో అయ్యిందో అడగాల. మా నాయన రంగూన్లో పుట్టినాడు, ఆయన పనికొస్తాడా?

గ్యారంటీరావు: తాత పుడితే లాభం లేదు మేడమ్, మొగుడే పుట్టుండాలి. అన్నట్టు మా దగ్గర మ్యారేజీ బ్యూరో కూడా ఉంది.

సిస్టరమ్మ: అదీ ఆర్నెల్లేనా?

కుర్చీలోని అమ్మాయి గడియారం చూసుకుని నైట్ డ్యూటీకి టైమవుతోందని చెప్పేదాకా ఇద్దరూ కువైట్ అల్లుడి కట్నం దగ్గరే ఉన్నారు. గ్యారంటీరావు గ్లోబును కొద్దిగా తిప్పి బ్రిటన్‌ను ముందుకు తెచ్చాడు.

బ్రిటన్‌లో ఏళ్ల తరబడి వరుస లేదు, ఇంగ్లీషు ఉంది. అక్కడి నర్సింగు కౌన్సిల్ ఐఈఎల్‌టీఎస్‌లో చదవడం, వినడం, మాట్లాడడం మూడింట్లో 7, రాయడంలో 6.5 అడుగుతుంది. రాయడానికి కూడా 7 అడిగిన రోజులున్నాయి. 2018లో తగ్గించారు. అర మార్కు కోసం పదేపదే ఫీజు కట్టినవాళ్లకు ఆ తగ్గింపు విలువ తెలుస్తుంది. లైసెన్సు పరీక్షలో మొదటి సగం కంప్యూటరు మీద ఇక్కడే రాయవచ్చు. రెండో సగం ఓస్కీకి బ్రిటన్ పోవాల్సిందే. రోగిలా నటించే మనిషి ముందో బొమ్మ ముందో నర్సు పని చేసి చూపాలి. జర్మనీకైతే ఇంగ్లీషు కాదు, జర్మన్‌లో బీ2 స్థాయి.

గ్యారంటీరావు: బ్రిటన్‌కు ఆంధ్రా నర్సులంటే ఎప్పుడూ ప్రాణమే మేడమ్.

సిస్టరమ్మ: ఎప్పుడూనా? మా కాలంలో మన రాష్ట్రం పేరు వాళ్ల లిస్టులో ఉండింది గదా.

గ్యారంటీరావు: మెరిట్ లిస్టా?

సిస్టరమ్మ: వద్దు లిస్టు!

ఆమె చెప్పింది సరైనదే. 2000ల తొలి దశాబ్దంలో బ్రిటన్ ఆరోగ్యశాఖ నియమావళి ఇండియా నుంచి నర్సులను తీసుకోవచ్చంటూనే నాలుగు రాష్ట్రాలను మినహాయించింది: ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్, ఒరిస్సా, పశ్చిమ బెంగాల్. ఇవి బ్రిటన్ అభివృద్ధి సాయం అందుకునే రాష్ట్రాలు గనక ఇక్కడికొచ్చి నర్సులను ఏరుకుపోవద్దని భారత ప్రభుత్వమే కోరింది. సొంతంగా దరఖాస్తు పెట్టుకునేవాళ్లకు అప్పుడూ అడ్డులేదు. చిత్తూరుకు గంట దూరంలో, తమిళనాడులో ఉన్న వేలూరుకు అప్పట్లో ఈ పట్టింపు లేదు. సరిహద్దుకు అటుపక్క నర్సు ఎగుమతి సరుకు, ఇటుపక్క నర్సు కాపాడుకోవలసిన సొత్తు.

సిస్టరమ్మ: కాపాడినారు సామీ, బాగా కాపాడినారు. కాపాడేవాళ్లు జీతం కూడా ఇచ్చుంటే బాగుండు.

ఇక్కడ సిస్టరమ్మ సందేహించడం మాని ఉపన్యాసం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్ల డ్యూటీలో డాక్టర్ల ముందు మింగిన మాటలన్నీ పాపం గ్యారంటీరావు నెత్తిన పడ్డాయి. 2016 జనవరిలో సుప్రీంకోర్టు చెబితే కేంద్రం కమిటీ వేసిందని, ప్రైవేటు ఆసుపత్రిలో ఎంత చిన్నచోటైనా నర్సుకు నెలకు 20,000కు తగ్గరాదని, 200 మంచాలు దాటితే సర్కారు నర్సుతో సమానంగా ఇవ్వాలని ఆ కమిటీ రాసిందని, అమలు రాష్ట్రాల మీదికి తోసి కాగితం మడిచి పెట్టారని ఆమె ఏకబిగిన చెప్పింది. ప్రపంచానికి నర్సులనిస్తున్నామని చెప్పుకొనే గొప్పలో సగం, ఇక్కడ నర్సుకు ఇవ్వని జీతమేనని కూడా అన్నది. ఉపన్యాసం కొంచెం పొడవే అయినా అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

గ్యారంటీరావు: అందుకే గదా మేడమ్ మేమున్నది. పోనీ, కువైట్. పాప డిగ్రీ చదివింది, పాస్‌పోర్టు మీద ఏ అడ్డూ ఉండదు.

సిస్టరమ్మ: నర్సుకు ఉండాది.

పదో తరగతి ప్యాసైనవాళ్ల పాస్‌పోర్టుకు సాధారణంగా వలస అనుమతి అక్కర్లేదు. నర్సు డిగ్రీ చదివినా సరే, కువైట్, సౌదీతో సహా 18 దేశాల్లో ఉద్యోగానికి అనుమతి తీసుకోవాలని, అదీ ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలని కేంద్రం 2015లో నిర్ణయించింది. మొదట కేరళ సంస్థలు, తర్వాత మన ఓమ్‌క్యాప్, తెలంగాణ టామ్‌కామ్ వంటివి ఆ జాబితాలోకి వచ్చాయి. ఆ ఏడాదే కొచ్చిలో ఒక వ్యవహారం బయటపడింది. కువైట్ ఆరోగ్యశాఖ ఉద్యోగాలకు ఒక్కో నర్సు దగ్గర 19,500 రూపాయలు తీసుకోవలసిన ఏజెన్సీ 19.5 లక్షలు వసూలు చేసిందన్నది ఆరోపణ. సీబీఐ కేసు పెట్టింది.

సిస్టరమ్మ: రెండు సున్నాలేగా ఎక్కువ! నీ ఫీజెంత నాయనా?

గ్యారంటీరావు: మూడు లక్షలే మేడమ్. రెండు వాయిదాలు.

సిస్టరమ్మ: రిక్రూటింగ్ ఏజెంటు ముప్పై వేలు, దాని మీద జీఎస్టీ తప్ప తీసుకోగూడదని రూలుండాదే! నీ లైసెన్సు నంబరు చెప్పు, ఈ-మైగ్రేట్‌లో చూస్తాను.

గ్యారంటీరావు: మేము రిక్రూటింగ్ ఏజెంట్లం కాదు మేడమ్. గైడెన్సు మాత్రమే. పంపించేది మేము కాదు.

సిస్టరమ్మ: మరి ‘ఆరు నెలల్లో అమెరికా, గ్యారంటీ’ అని వాకిట్లో కట్టినావే?

గ్యారంటీరావు: అది ఫ్లెక్సీవాడు రాసింది మేడమ్.